ఆటలును వాని ఖిలములును

వినోదమును కోరని సంఘము లేదు. వచ్చిన ప్రతి క్రొత్త వినోదమును మొదట నిందింపని సంఘమును లేదు. మన దేశమున నాటకములు బయలుదేఱిన కాలమున నాటకశాలకు పోవువాడు చెడినవాడనిరి. నవలలు వచ్చినపుడు నవల చేతబట్టిన ఆడుపిల్ల చెడుననిరి. సినిమా వచ్చిన పిదప మునుపటి రెండింటిని మఱచి దానిమీద పడిరి. కొంతకాలమునకు నాటకములకు, నవలలకు, సినిమాలకు విమర్శకులు బయలుదేఱి, ఇది మంచిది, ఇది చెడ్డది, ఇందు కథ బిగువుగా నున్నది, అందు పాత్రపోషణము లోపించినది అని విడమఱచి చెప్పజొచ్చిరి. అటుపిమ్మటనే జనులకు వానియందు తారతమ్యజ్ఞానము కలిగినది. ఇప్పుడు వీడియో ఆటల వంతు వచ్చినది. నింద వచ్చినది; విమర్శ తగినంతగా రాలేదు. తెలుగున ఈ యాటలను గూర్చి మా కంటబడు వ్రాతలలో సగము అమ్మకపు ప్రకటనలు, తక్కిన సగము శాపములు. ఈ రెండింటి నడుమ నొక త్రోవ గలదని చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బడిపంతులకు తలిదండ్రులు వచ్చి చెప్పుకొను కష్టములలో ఇది ముఖ్యమైనది. "మాస్టారూ, మావాడు రాత్రింబవళ్లు ఆ గేముల్లోనే పడి ఉంటున్నాడండీ. మీరు కాస్త గట్టిగా చెప్పండి" అని యొక గృహస్థు మాతో ననెను. "ఏ గేమండీ?" అని మేమడిగితిమి. "ఏదయితేనేమండీ, అన్నీ ఒకటే గదా!" అని ఆయన యనెను. కుమారుడు పుస్తకము చదువుచున్నాడని విన్నచో, ఈ తండ్రియే "ఏ పుస్తకము?" అని యడుగక మానడు. పెద్దబాలశిక్షయు బూతుకథల పొత్తమును ఒక్కటే యని యనడు. ఆటల విషయమున మాత్రము ఆ వివేకము నిద్రపోవుచున్నది. దీనికి తోడు మఱియొక తెగ గృహస్థులు గలరు. పిల్లవాడు నోరు మూసికొని కూర్చుండిన చాలునని వారు ఫోను చేతికిత్తురు. అడిగినపుడెల్ల కార్డు అంకెలు చెప్పుదురు. నిందించువాడును ఎఱుగడు, ఇచ్చువాడును ఎఱుగడు. ఎఱుగకుండుటలో ఇరువురును సమానులే.

ఈ యాటల వర్తకమున నొక విచిత్రమైన యాచారము గలదు. ఆటను కొని యాడి ముగించినవానికి, కొంతకాలమైన పిదప దాని కర్తలే మఱికొంత కథను, క్రొత్త భూములను, క్రొత్త పాత్రలను చేర్చి, వేఱు వెలకు అమ్ముదురు. దీనిని ఎక్స్‌పాన్షన్ అందురు. మేము దీనిని ఖిలమని పిలిచెదము. ఖిలమనగా మూలగ్రంథము పూర్తియైన పిదప దానికి చేర్చబడు భాగము. హరివంశము భారతమునకు ఖిలము. పదునెనిమిది పర్వములతో భారతము నిండినది. హరివంశము లేకున్నను దానికి లోటు లేదు. చదివినవానికి మాత్రము శ్రీకృష్ణకథ విస్తారముగా లభించును. మన యెఱ్ఱన రెండు పనులును చేసినాడు. నన్నయ విడిచిన యరణ్యపర్వశేషమును పూరించినాడు, హరివంశమును తెనిగించినాడు. మొదటిది లోటు తీర్చుట; రెండవది నిండినదానికి నిండుదనము చేర్చుట. ఈ రెండును గౌరవింపదగినవే. మూడవ విధ మొకటి గలదు. గ్రంథమునుండి నాలుగాకులు చించి దాచి, పిదప వానినే విడిగా నమ్ముట యది. ఇటీవలి కొన్ని ఆటలను, వాని ఖిలములను ఈ మూడు తెఱగులను దృష్టియందుంచుకొని పరిశీలింతము.

నిజమైన ఖిలమెట్లుండునో తెలిసికొనుటకు పదేండ్లు వెనుకకు పోవలసియున్నది. పోలెండు దేశపు రాజధానియగు వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ అను సంస్థవారు 2015 మే నెలలో ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అను ఆటను విడుదలచేసిరి. ఆ దేశపు రచయిత సప్కోవ్‌స్కీ కల్పించిన గెరాల్ట్ అను రాక్షసవేటగాడు అందలి నాయకుడు. అదే యేట అక్టోబరులో ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’, 2016 మే నెలలో ‘బ్లడ్ అండ్ వైన్’ అను రెండు ఖిలములు వెలువడినవి. మొదటిదానిలో, కోరినదెల్ల పొందవలెనని ఒక మాయావితో ఒడంబడిక చేసికొని, పొందినకొలది హృదయము శిలయై, సుఖదుఃఖములు తెలియని స్థితికి వచ్చిన యొక ప్రభువు కథ గలదు. వరములు కోరి చెడిన రాక్షసుల కథలు విన్న మనకిది క్రొత్తది కాదు. ఐనను చెప్పిన తీరు మనస్సును కలచివేయును. రెండవదానిలో, బ్రదుకెల్ల త్రోవలవెంట గడపిన వేటగానికి ద్రాక్షతోటల నడుమ నొక యిల్లు దొరకును. మూలమున లేని విశ్రాంతిని ఖిలమున నిచ్చుట ఎంత యౌచిత్యముగల పని! ఈ రెండును లేకున్నను మూలమునకు కొఱతలేదు. ఇవి చదివిన పిదప మూలముపై ప్రేమ పెరుగును. 2016 లో ‘ది గేమ్ అవార్డ్స్’ వారు ఉత్తమ పాత్రాభినయక్రీడగా ఈ ఖిలమునే యెన్నిరి. నాటినుండి ఖిలమునకు స్వతంత్రగౌరవము లభించినది.

ఇటీవలి ఖిలములలో ఎక్కువ చర్చకు వచ్చినది జపాను దేశపు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థవారి ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’. దీని మూలమగు ‘ఎల్డెన్ రింగ్’ 2022 ఫిబ్రవరిలోను, ఖిలము 2024 జూన్ 21వ తేదీని వచ్చినవి. ఖిలము వెల సుమారు 40 డాలర్లు. పెక్కు పూర్తి యాటల వెలకు తక్కువ కాదు. ఇంత వెల యిచ్చి కొన్నవాడును వెంటనే లోపల అడుగిడజాలడు. మూలములోని ఇద్దఱు బలవంతులను, రాడాన్‌ను, మోగ్‌ను, జయించినవానికే ద్వారము తెఱచుకొనును. మన వేదాంతగ్రంథములలో మొదట అధికారిని నిర్ణయింతురు. ఎవడు ఈ శాస్త్రమునకు అర్హుడో చెప్పిన పిదపనే శాస్త్రము మొదలగును. ఈ యాట చేసినది అదియే. మాకిది తప్పుగా తోచలేదు. అమ్మువారు కొనువారికి ఈ నియమమును వెలతోపాటు పెద్దయక్షరములతో చెప్పవలెననుటయే మా కోరిక.

అందలి విశేషము మఱియొకటి గలదు. మూలదేశమెల్ల తిరిగి ఆరితేఱిన యోధుడు ఈ క్రొత్త భూమిలో అడుగిడగానే మఱల పసివాడగును. వెనుక సంపాదించిన బలము చాలదు. ఆ భూమిలో చెదరియున్న స్కాడుట్రీ శకలములను వెదకి తెచ్చుకొన్నకొలది అక్కడ మాత్రము చెల్లునట్టి బలము పెరుగును. విడుదలైన దినములలో కష్టము కష్టమని లోకమెల్ల మొఱపెట్టినది. వారము తిరుగకమునుపే సంస్థవారు తొలిశకలముల బలమును హెచ్చించిరి. కష్టమే దోషమందుమా? వ్యాకరణము కష్టము కాదా? లెక్కలు కష్టము కావా? ఓడినవానికి తానెక్కడ తప్పెనో కనబడినచో ఆ కష్టము గురువు. కనబడనిచో అది హింస. ఈ ఖిలమున నూటికి తొంబది పాళ్లు మొదటి జాతి కష్టమే. వెదకినవాడు గెలుచును, తొందరపడినవాడు ఓడును. కడపటి యుద్ధమున మాత్రము వెలుగులు, మెఱుపులు కన్నులను క్రమ్మి, ప్రత్యర్థి కత్తి ఎటునుండి వచ్చుచున్నదో తెలియనీయవు. అక్కడ ఈ యాట తన ధర్మమునే తప్పినది. తరువాత సంస్థవారే దానిని కొంత సవరించిరనుట మా యాక్షేపణకు బలము. 2024 లో ఈ ఖిలమును ఆ యేటి మేటియాట బహుమానమునకు పోటీలో నిలిపినపుడు, మూలము లేక నిలువజాలనిదానికి ఆ గౌరవమేల యని కొందఱు వాదించిరి. బహుమానము ‘ఆస్ట్రో బాట్’ అను వేఱొక యాటకు పోయినది. మా మతమున పోటీకి నిలుపుట తగును. హరివంశము భారతముతో ముడివడినదే యైనను కావ్యముగా దానిని వేఱుగా పరీక్షింపరాదని ఎవ్వరందురు?

లోటు తీర్చుట యను రెండవ తెఱగునకు ‘సైబర్‌పంక్ 2077’ కథ తగిన యుదాహరణము. విచర్ ఆటను నిర్మించిన ఆ పోలెండు సంస్థవారే దీనిని 2020 డిసెంబరు 10వ తేదీని విడుదలచేసిరి. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రములమీద అది ఆడనలవి కాకుండెను. వారము గడచునప్పటికి సోనీవారు దానిని తమ యంగడినుండి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. 2021 జూన్‌లో గాని అది మఱల ఆ యంగడికెక్కలేదు. అటుపిమ్మట సంస్థవారు ఏండ్ల తరబడి దిద్దిరి. 2023 సెప్టెంబరులో వెల లేకయే మూలములోని పెక్కు మర్యాదలను మార్చి, కొలదిదినములలోనే ‘ఫాంటమ్ లిబర్టీ’ యను ఖిలమును 30 డాలర్ల వెలకు వెలువరించిరి. ఇది గూఢచారుల కథ. ప్రాణభయముతో అబద్ధమాడిన యొక స్త్రీని కాపాడవలెనా, ఆజ్ఞకు కట్టుబడి ఆమెను పట్టియీయవలసిన యొక పాత యుద్యోగి మాట వినవలెనా యను ధర్మసంకటము ఆటగాని యెదుట నిలుచును. ఏది యెన్నుకొన్నను చేతికి మసి యంటక మానదు. సరియైన సమాధానము లేని ప్రశ్నను అడుగుట, అడిగి ఊరకుండుట, మంచి సాహిత్యము చేయు పని. ఈ ఖిలము ఆ పని చేసినది.

ఐనను మా తీర్పు ఇక్కడ ముగియదు. ఈ ఖిలము గాని, ఆ సెప్టెంబరు సంస్కారము గాని పాత యంత్రములకు రాలేదు. క్రొత్త యంత్రములు కొన్నవారికే దక్కినది. మొదట నష్టపడినవారెవరు? పాత యంత్రములవారు. ప్రాయశ్చిత్తఫలము పొందినవారెవరు? వేఱొకరు. ఆ పాత యంత్రములకు శక్తి చాలదని సంస్థవారు చెప్పు కారణము నిజమే కావచ్చును. నిజమైనచో వానిమీద ఆ యాటను మొదటనే అమ్మకుండవలసినది. ప్రశంసాపత్రములు వ్రాసిన విమర్శకులు ఈ యొక్క వాక్యమును చేర్చియుండిన, కొనువారి పక్షమున మాటాడినవారై యుందురు.

ఇక మా మనస్సునకు మిక్కిలి నచ్చిన యాటను గూర్చి చెప్పెదము. ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ నగరమున టీమ్ చెఱ్ఱీ యని ముగ్గురు నలుగురు మనుష్యుల చిన్న సంస్థ గలదు. వారు 2014 లో జనులయొద్ద చందాలు వసూలుచేసి, 2017 ఫిబ్రవరిలో ‘హాలో నైట్’ అను ఆటను ప్రకటించిరి. అందు పాత్రలన్నియు పురుగులు. పాడుపడిన భూగర్భరాజ్యమున ఒక చిన్న వీరుడు దిగివెళ్లును. చందాలిచ్చినవారికి హార్నెట్ అను స్త్రీపాత్రతో ఒక ఖిలమును కూడ నిత్తుమని వారు వాగ్దానము చేసియుండిరి. ఆ ఖిలము పెరిగి పెరిగి మూలమంత యైనది. 2019 లో దానిని వేఱు గ్రంథముగా ప్రకటించి, 2025 సెప్టెంబరు 4వ తేదీని ‘సిల్క్‌సాంగ్’ అను పేర విడుదలచేసిరి. నడుమ ఏండ్లు గడచినవి, లోకము పరిహసించినది, వారు తొందరపడలేదు. విడుదలైననాడు కొనువారి రద్దీకి ఆన్‌లైన్ అంగళ్లే స్తంభించినవి. వెల 20 డాలర్లు. అంతకుముందు హాలో నైట్‌కు చేర్చిన ఖిలములన్నిటిని వారు ఉచితముగా నిచ్చిరని కూడ చదువరులు గమనింతురు గాక.

సిల్క్‌సాంగ్ కథాస్థలము ఫార్లూమ్ అను రాజ్యము. కొండకొమ్మున నొక పవిత్రదుర్గము. దానిని చేరవలెనని పురుగులు యాత్రికులై గుంపులు గుంపులుగా ఎక్కుచుండును. త్రోవలో పడిచచ్చినవాని దేహములు అడుగడుగునను కనబడును. ఆ రాజ్యమున నాణెములు లేవు. జపమాల పూసలే నాణెములు. అలసినవాడు కూర్చుండు బల్లలు కొన్ని, పూసలు చెల్లించిన గాని తెఱచుకొనవు. భక్తులు నలిగి పైకెక్కుదురు. పైనున్నవారు పూసలు లెక్కించుకొందురు. మఠాధిపతుల లోభమును, పుణ్యక్షేత్రములలోని దోపిడిని ఖండించుచు మన సంస్కర్తలు ఎన్ని వ్యాసములు వ్రాయలేదు! ఎన్ని ప్రహసనములు వ్రాయలేదు! ఈ యాటలో ఉపన్యాసము లేదు. ఆటగాడు తన చేతిపూసలను తానే బల్లకు చెల్లించును. రెండవమాఱు చెల్లించునపుడు అతనికి కోపము వచ్చును. ఆ కోపమే బోధ. చదువుటవలనను చూచుటవలనను కలుగని యనుభవము, చేయుటవలన కలుగుచున్నది. ఆటయను కళకు గల ప్రత్యేకశక్తి యిదియే యని మా నమ్మకము.

ఈ యాటయందును దోషములు గలవు. ఒక్కదెబ్బకు రెండుపాళ్ల ప్రాణము పోవుట తఱచు. ఓడినవాడు మఱల పోరుస్థలమును చేరుటకు చాలదూరము నడువవలయును. ఆ నడకలో నేర్చుకొనునది లేదు, కాలము పోవుట తప్ప. కర్తలు కొలదిదినములలోనే తొలిభాగమును కొంత మెత్తబఱచిరి. ఇంకను మెత్తబఱచిన బాగుండును. నాయిక స్త్రీ యగుటను గూర్చి మఱియొక మాట. హార్నెట్ ఎవరో వచ్చి రక్షింతురని కూర్చుండునది కాదు. అడుగువారికి సాయపడుచు, తన త్రోవను తానే పట్టుచు పోవును. మన యిండ్లలో ఆటయంత్రము సోదరుని చేతిలోను, పళ్లెములు తోము పని సోదరిచేతిలోను ఉండుట మేము చూచుచున్నాము. స్త్రీవిద్యకు జయపెట్టిన గృహములలో స్త్రీవినోదము నేల మఱచుచున్నారు?

పూర్ణగ్రంథమును తక్కువ వెలకు ఇచ్చినవారిలో ఫ్రాన్సు దేశపు మోంపెలియే నగరమునందలి శాండ్‌ఫాల్ సంస్థవారును స్మరణీయులు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన వారి ‘క్లేర్ ఒబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ లో, ఏటేట ఒక చిత్రకారిణి మహాశిలమీద నొక యంకె వ్రాయును, ఆ వయస్సువారందఱును పూలరేకులవలె రాలి మాయమగుదురు. అంకె ఏటికొకటి తగ్గుచుండును. చావుతేదీ తెలిసిన యూరిలో జనులు పెండ్లియాడుదురా? పిల్లలను కందురా? చదువు చెప్పుదురా? ఈ ప్రశ్నతో మొదలైన కథ, పోయినవారిని మఱువజాలనివారి దుఃఖమువైపు తిరుగును. మొదటిభాగపు టెత్తు కడవఱకు నిలిచినదని చెప్పజాలము. ఐనను ఆ సంవత్సరపు మేటియాట బహుమానము దానికి వచ్చుట అన్యాయము కాదు. ఆ బహుమానము వచ్చిననాడే వారొక చిన్న ఖిలమును ఉచితముగా పంచిపెట్టిరి. బెల్జియము దేశపు లారియన్ సంస్థవారు మఱియొక మర్యాద చూపిరి. 2023 లో ‘బాల్డర్స్ గేట్ 3’ అను ఆటకు అశేషమైన కీర్తి వచ్చినను, 2024 మార్చిలో తాము దానికి ఖిలము వ్రాయబోమని చెప్పిరి. 2025 ఏప్రిల్‌లో కడపటి పెద్ద సవరణముతో పండ్రెండు క్రొత్త వృత్తిభేదములను ఊరకయే యిచ్చి సెలవు తీసికొనిరి. చెప్పవలసినది చెప్పి ఊరకుండుటయు నొక విద్యయే.

మన చరిత్రను తాకిన ఖిల మొకటి గలదు. 1999 లో అమెరికాలో పుట్టిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ అను ఆటలో ఆటగాడు ఒక జాతికి నాయకుడై పొలములు దున్నించి, కోటలు కట్టి, యుద్ధములు చేయును. మొదట అందు భారతీయులు లేనేలేరు. 2013 లో వచ్చిన ఖిలమున ‘ఇండియన్స్’ అను ఒక్కపేరితో దేశమంతయు వచ్చినది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ యను ఖిలము ఆ యొక్కదానిని నాలుగు చేసినది: హిందుస్థానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు. బాబరు, దేవపాలుడు, రాజేంద్రచోళుడు కథానాయకులు. అమెరికాలోని బాలుడు, జపానులోని బాలిక రాజేంద్రుని నౌకాయాత్రను ఆడి తెలిసికొనుట మనకు సంతోషము కాదా?

ద్రావిడులకు ఈ యాటలో కాల్బలమును నౌకాబలమును ప్రధానము, గుఱ్ఱపుదళము దుర్బలము. ఇది తప్పని తొందరపడి యనరాదు. మన పెద్దలు అశ్వపతి, గజపతి, నరపతి యని రాజులను విభజించి, విజయనగరాధీశులను నరపతులనిరి. ఆట మన వాడుకకే సరిపోయినది. ఐనను గుఱ్ఱములు కొఱవడుటచేతనే విజయనగరరాజులు పోర్చుగీసువారియొద్ద విస్తారమైన ధనమిచ్చి గుఱ్ఱములను కొనిరి. ఆ వర్తకపు మార్గమును ఆటలో చూపియుండిన చరిత్ర ఇంకను సజీవమై యుండును. మఱియొక విశేషము: ఈ ద్రావిడులకు ‘వూట్జ్ స్టీల్’ అను విద్య గలదు. దానిని సాధించినవారి కత్తులకు శత్రువుల కవచములు అడ్డురావు. ఈ వూట్జ్ అనునది తెలుగు కన్నడములకు సామాన్యమైన మన ‘ఉక్కు’ మాటయే సీమవారి నోట మాఱిన రూపమని పండితులు చెప్పుదురు. నేటి తెలంగాణములోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఆ యుక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. ఆటలో తెలుగువారికి వేఱు పేరు లేదు, కాకతీయులకు వేఱు కథ లేదు. మన యుక్కు మాత్రము మాఱుపేరుతో నున్నది. తెలుగు బాలురలో ఎందఱు ఆ బొత్తామును నొక్కుచున్నారో! అది తమ యూరిమాట యని చెప్పువారు వారికి లేకుండుట మన లోపము. ఆటకర్తల లోపము కాదు. ఒక ఉపాధ్యాయుడు ఆ బొత్తామును చూపి పది నిముషములు మాటాడిన, ఒక చరిత్రపాఠము చక్కగా నడచును.

ఇక మూడవ తెఱగు. 2006 ఏప్రిల్‌లో ‘ఆబ్లివియన్’ అను ఆటకర్తలు గుఱ్ఱమునకు తొడుగు కవచమును రెండున్నర డాలర్లకు అమ్మిరి. లోకము నవ్వినది. నవ్వినవారే కొనిరి. ఆ చిన్నరంధ్రమునుండియే వరద వచ్చినది. 2025 లో ఆ యాటను క్రొత్తపఱచి అమ్మినపుడు, హెచ్చువెల ప్రతిలో గుఱ్ఱపుకవచములు మఱల చేరినవి. ఇప్పుడు నవ్వువారు తక్కువ. దీనికంటె నికృష్టమైనది గ్రుడ్డిపెట్టెల యమ్మకము. సొమ్మిచ్చి పెట్టెను కొనవలెను. తెఱచిన గాని లోపల నేమున్నదో తెలియదు. 2017 నవంబరులో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ అను ఆటయం దీ పద్ధతిని చూచి ఆటగాండ్రు తిరుగబడగా, సంస్థవారు విడుదలకు ముందే ఆ యమ్మకమును తాత్కాలికముగా నిలిపివేసిరి. 2018 ఏప్రిల్‌లో బెల్జియము ప్రభుత్వమువారి జూదనియంత్రణసంఘము ఇట్టి పెట్టెలు జూదమే యని తేల్చినది. ఋగ్వేదమునందే జూదరి విలాపమును చెప్పు సూక్తము గలదు. ధర్మరాజు కథ తెలియని తెలుగువాడు లేడు. పాచికలకు బదులు రంగుపెట్టె వచ్చినచో మనము పోల్చుకొనలేమా? 2025 ఆగస్టులో భారతపార్లమెంటువారు చట్టము చేసి, పణమొడ్డి ధనమాశించి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-క్రీడలను వానినుండి వేఱుచేసి గుర్తించిరి. ఆటకును జూదమునకును భేదమున్నదని చట్టమే యొప్పుకొన్నది. ఆ భేదమును ఇంటి యజమానుడు కూడ తెలిసికొనవలయును. పిల్లవాని చేతిలోని ప్రతి రంగుపెట్టెను చట్టము వచ్చి తెఱచి చూడదు.

హింస మాట యేమని కొందఱడుగుదురు. హింస గలదు. భారతమునందును గలదు. కథలో ఆ హింసకు ఫలమేమి, చంపినవానికి ఏమగుచున్నది, అనునవి విచారింపవలసినవి. వయస్సును విచారింపవలసినదే. విచర్, సైబర్‌పంక్ ఆటలు ఐరోపాలో 18 ఏండ్లు నిండినవారికని, ఎల్డెన్ రింగ్ 16 ఏండ్లు నిండినవారికని పెట్టెమీదనే ముద్రింతురు. ఆ యంకెను చదువకయే పదేండ్లవానికి కొనియిచ్చి, పిదప ఆటను తిట్టుట న్యాయమా? కాలహరణము మాట యేమని మఱికొందఱడుగుదురు. ఇది గట్టి యాక్షేపణ. మంచి నవలయైనను పరీక్షకు ముందురాత్రి చదువరాదు. మంచి ఆటకు ఆది గలదు, అంతము గలదు. ముగిసిన పిదప లేచిపోవచ్చును. రేపు రాకున్న నష్టపడుదువని బెదరించి దినదినము పిలుచు ఆటకు అంతము లేదు. కాలమును మ్రింగునది ముఖ్యముగా ఈ రెండవజాతియే. కావున ఆట ముగియునా, ముగియదా యనునది ఇంటిపెద్ద అడుగవలసిన మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న: కొన్నది నిండుగ్రంథమా, ఆకులు చించిన గ్రంథమా? మూడవది: వెల యిచ్చునపుడు ఏమి కొనుచున్నామో తెలియుచున్నదా, గ్రుడ్డిపెట్టెయా? నాలుగవది: ఈ యాట పిల్లవానిని దేనినిగూర్చి ఆలోచింపజేయుచున్నది? ఈ నాలుగు ప్రశ్నలు అడుగుటకు ఆట ఆడవలసిన పనియైనను లేదు. ఒక యాదివారము పిల్లవాని ప్రక్కన గంటసేపు కూర్చుండి చూచిన చాలును. అతడు సంతోషముతో చెప్పును. తన రాజ్యమును పెద్దలు చూడవచ్చినారను గౌరవము అతనికి కలుగును. అటుపిమ్మట "ఇది చాలును, ఇక లే" యని మీరన్న మాటకు విలువ యుండును. చూడక తిట్టినవాని మాటకు ఆ విలువ రాదు.

ఈ ఆటలలో ఒక్కటియు తెలుగు మాటలతో రాలేదు. రానున్న కాలమున వచ్చునేమో. వచ్చినను రాకున్నను, వానిని గూర్చి తెలుగున మంచిచెడ్డలు చెప్పు వ్రాతలు కావలయును. నాటకమును, నవలను సంస్కరించినది నిషేధము కాదు. తెలిసినవారు ఓపికతో చేసిన విమర్శ. ఆ ఋణమును ఈ తరమువారు ఆటల విషయమున తీర్చుకొనవలసియున్నారు. మా పాఠకులు ఆ పనికి తమ యింటినుండియే పూనుకొందురని నమ్ముచున్నాము.